రంధ్రాల లెక్క: గుల్ల సిలికా తయారీలో తేలినవి, తేలనివి

పాత కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లా పరిధిలో ఉన్న జుర్రేరు లోయ భూగర్భ శాస్త్రజ్ఞులకూ పురావస్తు పరిశోధకులకూ బాగా తెలిసిన చోటు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద ఇక్కడి జ్వాలాపురం దగ్గర రెండు మీటర్లకు పైగా మందాన పేరుకుంది. ఆ బూడిద పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్ల గురించి 2007లో మైకేల్ పెట్రాలియా బృందం ‘సైన్స్’ పత్రికలో రాశాక ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ బూడిదను సూక్ష్మదర్శిని కింద పెడితే గాజు పెంకులు కనిపిస్తాయి. కరిగిన శిలాద్రవంలో వాయువు బుడగలు కట్టి, ఆ బుడగలు పగిలితే మిగిలిన గోడల ముక్కలవి. వాటిలో నూటికి డెబ్బై పాళ్లకు పైగా సిలికాయే.

అక్కడ రంధ్రాలు చేసింది వాయువు. వాటి సైజు మీద ఎవరి అదుపూ లేదు. పరిశ్రమకు కావలసింది ఆ అదుపే. వందేళ్ల ప్రయత్నం తర్వాత సిలికాలో రంధ్రాలు చేయడం ఇవాళ పెద్ద విద్యేమీ కాదు. ఒకే గుళికలో రెండు మూడు సైజుల రంధ్రాలను అనుకున్న కొలతల్లో అమర్చడం కూడా చేతనైంది. చిక్కంతా ఇప్పుడు వేరేచోట ఉంది. ఏ దారిన చేయాలి, దానికి పడే ఖర్చు ఎంత, రంధ్రాలకు అంత క్రమశిక్షణ నిజంగా అవసరమా అన్న దగ్గర ఈ రంగం నాలుగు బాటలుగా చీలింది. ఒక బాటవారి కొలతలు ఇంకో బాటవారి కొలతలతో పొసగవు. వరి ఊక, థర్మల్ బూడిద, సున్నపురాయి దండిగా ఉండి, నీళ్లకు మాత్రం కటకటలాడే కర్నూలు, కడప ప్రాంతాల నుంచి చూస్తే ఈ చర్చకు ఇంకో కోణం కూడా కనిపిస్తుంది.

## సిలికా వేరు, సిలికాన్ వేరు

ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. కర్నూలుకు సమీపంలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో సిద్ధమైన 1000 మెగావాట్ల సోలార్ పార్కులో పలకలు విద్యుత్తు ఇస్తున్నాయంటే అది సిలికాన్ వల్ల. అది మూలకం, అర్ధవాహకం. నల్లమల క్వార్ట్‌జైట్ రాయి, ఏటి ఇసుక, ఊక బూడిద — వీటిలో ఉన్నది సిలికా. అంటే ఆ మూలకం ఆక్సిజన్‌తో కలిసిన రూపం.

రెండింటినీ గుల్లగా చేయవచ్చు. కానీ చేసే తీరు తలకిందులు. సిలికాన్‌లో రంధ్రం సాధారణంగా కొరికి తీసేది: గట్టి పలక నుంచి పదార్థాన్ని తొలగిస్తారు. సిలికాలో రంధ్రం ఎక్కువగా కట్టేది: ద్రావణంలో ఉన్న సిలికాను ఏదో ఒక ఖాళీ చుట్టూ గడ్డకట్టిస్తారు. ఈ రెంటికీ మధ్య ఒక వంతెన కూడా ఉంది: గుల్ల సిలికాను ముందు తయారు చేసుకుని, దాని ఆకారం చెడకుండా ఆక్సిజన్‌ను లాగేసి సిలికాన్‌గా మార్చడం. ఊక నుంచి బ్యాటరీ దాకా వెళ్లే దారి ఈ వంతెన మీదుగానే పోతుంది.

## ఒకే సైజు ఎందుకు చాలదు?

అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపీఏసీ 1985లో స్థిరపరిచిన విభజన ప్రకారం 2 నానోమీటర్ల కన్నా సన్ననివి మైక్రో రంధ్రాలు, 2 నుంచి 50 నానోమీటర్ల వరకు మీసో రంధ్రాలు, 50 దాటినవి మ్యాక్రో రంధ్రాలు. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు.

చిన్న లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. గ్రాము పదార్థంలో ఒక ఘన సెంటీమీటరు ఖాళీ ఉందనుకుందాం. ఆ ఖాళీ అంతా 2 నానోమీటర్ల గొట్టాలుగా ఉంటే లోపలి గోడల వైశాల్యం 2000 చదరపు మీటర్లు. గొట్టాలు 10 నానోమీటర్లవైతే అది 400కు, 100 నానోమీటర్లవైతే 40కి, ఒక మైక్రోమీటరువైతే 4కు పడిపోతుంది. ఉత్ప్రేరకాలైనా, తేమను పీల్చే గుళికలైనా, ఔషధాలను వేరుచేసే కాలమ్‌లైనా పని జరిగేది గోడల మీదే. కాబట్టి సన్నని రంధ్రమే మేలనిపిస్తుంది.

అయితే గోడ దగ్గరకు అణువు చేరాలి కదా. రంధ్రం వెడల్పు పదింతలైతే గోడ పదో వంతుకు తగ్గుతుంది గానీ, అదే ఒత్తిడి కింద పారే ద్రవం వందింతలవుతుంది. గోడ కావాలంటే దారి పోతుంది, దారి కావాలంటే గోడ పోతుంది.

సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని సుమారు 300 కిలోమీటర్లు సాగే కర్నూలు–కడప కాలువను చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. పెద్ద కాలువ ఒక్కటీ పొలాన్ని తడపదు. పంట బోదెలొక్కటే ఉంటే కడప దాకా నీళ్లు రావు. పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె ఒకదాని నుంచి ఒకటి చీలాలి. రసాయనికులు చేయబూనిందీ అదే: మైక్రోమీటరు దారులు, వాటి గోడల్లో పది నానోమీటర్ల దారులు, అవసరమైతే వాటి గోడల్లో ఇంకా సన్ననివి. ఇక్కడ ‘చీలాలి’ అన్న మాటే కీలకం. రెండు సైజులూ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకోవాలి. చర్చలో సగం చిక్కుముళ్లు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పడ్డవే.

## వందేళ్ల దారి

మొదటి మజిలీ సిలికా జెల్. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ ప్యాట్రిక్ 1919లో దాని తయారీకి పేటెంట్ పొందారు. సోడియం సిలికేట్‌ను ఆమ్లంతో విరిచి, గడ్డకట్టిన జెల్‌ను కడిగి ఆరబెట్టడం ఆయన పద్ధతి. కొత్త చెప్పుల పెట్టెలో, మందుల సీసాలో కనిపించే చిన్న పొట్లాలు దాని వారసులే. జెల్ ఆరేటప్పుడు ముడుచుకుపోయి రంధ్రాలు కుంగిపోతాయి. ఈ ఇబ్బందిని 1931లో శామ్యూల్ కిస్లర్ దాటారు. లోపలి ద్రవాన్ని ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే స్థితికి తీసుకెళ్లి తొలగించి, ముడుచుకోని జెల్‌ను సాధించారు. అదే ఏరోజెల్. 1930లలోనే కార్నింగ్ కంపెనీలో హుడ్, నార్డ్‌బెర్గ్ బోరోసిలికేట్ గాజును వేడిచేసి రెండు భాగాలుగా విడదీసి, ఒక భాగాన్ని ఆమ్లంతో కరిగించి, గుల్ల గాజును తయారుచేశారు. దాని పేరు వైకార్.

రెండో మజిలీ యాదృచ్ఛికం. 1956లో బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఉలిర్ సిలికాన్ పలకను విద్యుత్తుతో నునుపు చేయబోతే పైన రంగు పొర ఒకటి ఏర్పడింది. అది గుల్లబారిన సిలికాన్. మూడు దశాబ్దాలకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1990లో బ్రిటన్‌లో లీ కానమ్ అది ఎర్రగా వెలుగుతుందని చూపించాక పరిశోధనలు వెల్లువెత్తాయి.

మూడో మజిలీ 1990ల దశకం. జపాన్‌లో కురోడా బృందం 1990లో, మొబిల్ కంపెనీ శాస్త్రజ్ఞులు 1992లో సబ్బు తరగతి అణువులను అచ్చుగా వాడి, అన్నీ ఒకే వెడల్పుతో వరసగా ఉండే రంధ్రాలు చేశారు. మొబిల్ వారి పదార్థం పేరు ఎంసీఎం-41. ఇదే కాలంలో, 1991లో, క్యోటోలో నకనిషి, సోగా అచ్చు లేకుండానే రెండు సైజుల రంధ్రాలున్న సిలికా దిమ్మెను సాధించారు. 1998లో కాలిఫోర్నియాలో గేలెన్ స్టకీ బృందం, అందులో జావో డాంగ్‌యువాన్ ముఖ్యులు, 5 నుంచి 30 నానోమీటర్ల రంధ్రాలున్న ఎస్‌బీఏ-15ను ప్రకటించింది. అదే ఏడాది స్టకీ బృందం మూడు అంతస్తుల సైజులు ఒకే ముక్కలో ఉండే ఆక్సైడ్లను కూడా చూపించింది. ఈ మజిలీలు దాటాక నేడు కనిపించేవి నాలుగు బాటలు.

## నాలుగు బాటలు

### అచ్చు బాట

సబ్బు అణువులకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉంటాయి. నీళ్లలో అవి తోకలు లోపలికి పెట్టుకుని సన్నని కడ్డీల్లా గుమిగూడతాయి. వాటి చుట్టూ సిలికా గడ్డకట్టాక 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చేస్తే కడ్డీలు పోయి గొట్టాలు మిగులుతాయి. తోక పొడవును బట్టి రంధ్రం 2 నుంచి 4 నానోమీటర్లు. ఇంకా పెద్దవి కావాలంటే పెద్ద పాలిమర్లు, వందల నానోమీటర్లకు పాలీస్టైరిన్ గోళాలు. రెండు మూడు అచ్చులను కలిపి వాడితే రెండు మూడు సైజులు వస్తాయి.

క్రమంలో ఈ బాటకు సాటి లేదు. అయితే అచ్చు పదార్థం ఖరీదైనది, చివరకు బూడిదయ్యేది కూడా అదే. పైగా ‘ఒకే సైజు’ అన్న మాటను ఈ బాట తానే సవరించుకోవాల్సి వచ్చింది. ఎస్‌బీఏ-15 గోడల్లో మైక్రో రంధ్రాలు కూడా ఉన్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పాలిమర్ అణువుల నీటి వైపు కొసలు సిలికా గోడలోకి చొచ్చుకుపోయి, కాలినప్పుడు అక్కడ తమ ఖాళీని వదిలాయి.

### విడిపోయే బాట

నకనిషి పద్ధతిని కాస్త దగ్గరగా చూడటం మంచిది. ఆమ్లం కలిపిన నీళ్లలో పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌ను కరిగించి, సిలికాను ఇచ్చే సిలికాన్ ఆల్కాక్సైడ్ పోసి కలుపుతారు. మొదట ద్రావణం తేటగా ఉంటుంది. సిలికా గొలుసులు పెరుగుతున్న కొద్దీ పాలిమర్, సిలికా ఒక పక్కకు, నీళ్లు ఇంకో పక్కకు విడిపోవడం మొదలవుతుంది. పూర్తిగా విడిపోనిస్తే రెండు పొరలై కూర్చుంటాయి. అంతకు ముందే, రెండూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉన్న క్షణంలో జెల్ గడ్డకట్టాలి. అలా గడ్డకడితే నీళ్ల భాగం మైక్రోమీటరు దారులుగా నిలిచిపోతుంది. తర్వాత జెల్‌ను క్షార ద్రావణంలో నానబెడితే గోడలు లోలోపల కొంత కరిగి, మళ్లీ పేరుకుని, మీసో రంధ్రాలు వెడల్పవుతాయి. పెద్ద సైజును మొదటి మెట్టు, చిన్న సైజును రెండో మెట్టు విడివిడిగా నిర్ణయిస్తాయి. ఈ బాట బలం అదే.

బలహీనత కూడా అక్కడే ఉంది. విడిపోవడం, గడ్డకట్టడం ఒకేసారి జరగాలి. ఉష్ణోగ్రతలో, పాలిమర్ పాళ్లలో చిన్న తేడా వచ్చినా దారుల వెడల్పు మారిపోతుంది. దిమ్మె పెద్దదయ్యే కొద్దీ ముడుచుకుని పగిలే బెడద పెరుగుతుంది.

### కొరికే బాట

సిలికాన్ పలకను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి విద్యుత్తు పంపితే రంధ్రాలు లోపలికి దిగుతాయి. పలకలో కలిపిన మలినాల రకం, మోతాదు, విద్యుత్ సాంద్రత — ఈ మూడూ సైజును నిర్ణయిస్తాయి. కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రోమీటర్ల దాకా దేన్నైనా తెప్పించవచ్చు. మధ్యలో విద్యుత్తును పెంచితే పై పొరలో ఒక సైజు, కింది పొరలో ఇంకో సైజు వస్తాయి. 1994లో కానన్ కంపెనీకి చెందిన టకావో యోనెహారా ఈ గుల్ల పొర ఆధారంగా సిలికాన్ పొరను ఒక పలక నుంచి ఇంకో పలకకు మార్చే పద్ధతిని ప్రకటించారు. దాని తర్వాతి రూపంలో, తక్కువ గుల్ల ఉన్న పై పొర మీద మంచి సిలికాన్ పెంచుతారు. ఎక్కువ గుల్ల ఉన్న కింది పొర దగ్గర నీటి ధారతో పలకను చీల్చి పై భాగాన్ని తీసేస్తారు. పలుచని సోలార్ పలకల పరిశోధనకూ ఇది దారి చూపింది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే ఎముక దాకా దెబ్బతీస్తుంది. అందుకే ఈ బాట ఎక్కువగా ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల గడప దాటలేదు.

వంతెన పద్ధతినీ ఇక్కడే చెప్పుకోవాలి. 2007లో జార్జియా టెక్‌లో కెన్నెత్ సాండేజ్ బృందం డయాటమ్ అనే నాచు జీవుల సిలికా గుల్లలను 650 డిగ్రీల దగ్గర మెగ్నీషియం ఆవిరితో చర్య జరిపించి, ఆకారం చెడకుండా సిలికాన్‌గా మార్చింది. చర్యలో పుట్టిన మెగ్నీషియం ఆక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగేస్తే దాని చోటు ఖాళీ అవుతుంది. అంతా సూత్రం ప్రకారం జరిగితే ఘనపరిమాణంలో సుమారు 65 శాతం ఖాళీ అన్నమాట. అచ్చు వేరే అక్కర్లేదు.

### వ్యర్థాల బాట

వరి మొక్క నేలలోని సిలికాను వేళ్లతో పీల్చి గింజ పైపొట్టులో దాచుకుంటుంది. ఊక తునకను అడ్డంగా కోసి చూస్తే సిలికా ఎక్కువగా వెలుపలి పొరలో, గరుకు బొడిపెల్లో చిక్కగా ఉంటుంది. లోపలంతా సెల్యులోజ్, లిగ్నిన్. వాటిని కాల్చేస్తే ఖాళీలు మిగులుతాయి: కణాల చోట పెద్దవి, సిలికా రేణువుల మధ్య చిన్నవి. అంటే రెండు సైజులూ మొక్కే పెట్టి ఇస్తుంది.

టన్ను వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే 40 కిలోల దాకా బూడిద, అందులో ఎక్కువ భాగం సిలికా. అయితే ఎలా కాల్చారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. సుమారు 700 డిగ్రీల లోపు, గాలి బాగా తగిలేలా కాలిస్తే బూడిద తెల్లగా, అస్ఫటికంగా ఉంటుంది. అంతకు మించితే ఊకలోని పొటాషియం సిలికాను కరిగించి రంధ్రాలు మూసేస్తుంది. కాలని కార్బన్ లోపల చిక్కుకుని బూడిద నల్లగా మిగులుతుంది. ఇంకా వేడెక్కితే క్రిస్టోబలైట్ అనే స్ఫటికం ఏర్పడుతుంది. దాని ధూళి పీల్చడం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కాల్చే ముందు ఊకను ఆమ్లంతో కడిగితే పొటాషియం పోతుంది, బూడిద తెల్లబడుతుంది. కానీ కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది ఇంకో ప్రశ్న.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వేరే దారి పట్టింది. బూడిదలోని సిలికాను కాస్టిక్ సోడాలో కరిగించి, కార్బన్ డయాక్సైడ్‌తో విరిచి, అవక్షేప సిలికాగా దించుతుంది. మిగిలిన సోడియం కార్బనేట్‌ను సున్నంతో కలిపితే కాస్టిక్ సోడా తిరిగి వస్తుంది. మొక్క ఇచ్చిన రంధ్రాలు ఈ దారిలో పోతాయి. కొత్తవి అవక్షేపించే తీరును బట్టి ఏర్పడతాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

- అచ్చు బాట: సైజు మీద అదుపు అత్యధికం, క్రమం అత్యధికం. ముడిసరుకు ఖరీదు, అచ్చు వృథా. గ్రాముల్లో తేలిక, టన్నుల్లో కష్టం.
- విడిపోయే బాట: రెండు సైజులు విడివిడిగా అదుపులో ఉంటాయి, రంధ్రాలు ఒకదాంట్లోకి ఒకటి తప్పక తెరుచుకుంటాయి. తయారీ సున్నితం, దిమ్మె పరిమాణానికి హద్దు.
- కొరికే బాట: పొరపొరగా సైజు మార్చవచ్చు, సిలికాన్ విద్యుత్ గుణాలు దక్కుతాయి. ప్రమాదకర ఆమ్లం, ఖరీదైన పలక.
- వ్యర్థాల బాట: ముడిసరుకు చౌక, పరిమాణం అపారం. సైజు మీద అదుపు తక్కువ, ఒక లాటుకూ ఇంకో లాటుకూ పోలిక తక్కువ.

ఏ బాటా మిగతా మూడింటిని అన్ని విషయాల్లో ఓడించలేదు.

## మార్కెట్ ఇచ్చిన తీర్పులు

పరిశోధన పత్రాల్లో గెలుపు వేరు, మార్కెట్‌లో గెలుపు వేరు. మూడు ఉదాహరణలు చాలు.

మొదటిది ఔషధ పరీక్షల రంగం. హైదరాబాద్ ఫార్మా కంపెనీల నాణ్యతా విభాగాల్లో మందులోని పదార్థాలను వేరుచేసి చూపుతూ పగలూ రాత్రీ నడిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల గుండెకాయ గుల్ల సిలికా రేణువులు నింపిన కాలమ్. మెర్క్ కంపెనీ 2000లో నకనిషి తరహా దిమ్మెతో ‘క్రోమోలిత్’ కాలమ్‌ను తెచ్చింది: 2 మైక్రోమీటర్ల దారులు, 13 నానోమీటర్ల రంధ్రాలు. తక్కువ ఒత్తిడిలోనే వేగంగా పనిచేస్తుందని పేరు తెచ్చుకుంది. అయినా రేణువుల కాలమ్‌లను తోసిరాజనలేకపోయింది. 2006లో జాక్ కిర్క్‌లాండ్ బృందం గట్టి గింజ చుట్టూ పలుచని గుల్ల పొర ఉండే 2.7 మైక్రోమీటర్ల రేణువులను తెచ్చాక పోటీ ఇంకా బిగిసింది. అణువు వెళ్లాల్సిన లోతును తగ్గిస్తే చాలు, ప్రత్యేకంగా పెద్ద దారి అక్కర్లేదని ఆ రేణువు వాదన.

రెండోది చమురు శుద్ధి. ఎంసీఎం-41 వచ్చినప్పుడు, అప్పటిదాకా వాడుతున్న జియోలైట్లు అనే స్ఫటిక ఉత్ప్రేరకాల పని అయిపోయిందనుకున్నారు. కానీ దాని గోడలు అస్ఫటికం. రిఫైనరీల వేడి ఆవిరికి నిలవలేదు. గెలిచింది రాజీ మార్గం. స్ఫటిక జియోలైట్‌లోనే మీసో రంధ్రాలు చేసే పద్ధతిని రైవ్ టెక్నాలజీ అనే కంపెనీ రిఫైనరీల దాకా తీసుకెళ్లింది. 2019లో గ్రేస్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. వేర్వేరు సైజుల రంధ్రాలు టన్నుల లెక్కన డబ్బు సంపాదించగలవనడానికి ఇదే గట్టి రుజువు.

మూడోది బ్యాటరీ. దీని తీర్పు ఇంకా రాలేదు. గ్రాము గ్రాఫైట్ 372 మిల్లీఆంపియర్ గంటల ఛార్జి దాచుకుంటే, సిలికాన్ సిద్ధాంతరీత్యా 3500కు పైగా దాచుకుంటుంది. కాకపోతే లిథియం నిండినప్పుడు దాదాపు నాలుగింతలకు ఉబ్బి చిట్లుతుంది. గుల్లగా ఉంటే ఆ ఉబ్బు లోపలి ఖాళీలోనే సర్దుకుంటుందని ఆశ. 2013లో స్టాన్‌ఫర్డ్‌లోనూ కొరియాలోనూ రెండు బృందాలు ఊక సిలికాను మెగ్నీషియంతో సిలికాన్‌గా మార్చి బ్యాటరీలో వాడి చూపించాయి. ఎదుటి పక్షం వాదన కూడా బలమైనదే. ఉబ్బంతా లోపలే సర్దుకోవాలంటే మొదట ముప్పాతిక వంతు దాకా ఖాళీ ఉండాలి. అప్పుడు అదే చోటులో పట్టే ఛార్జి తగ్గిపోతుంది. గోడ పెరిగే కొద్దీ దాని మీద పేరుకునే పొర లిథియంను తినేస్తుంది. పెద్ద రంధ్రాలు ఎక్కువ, చిన్నవి తక్కువ ఉండాలని ఒక పక్షం, బయట రంధ్రాలు మూసి లోపలే ఖాళీ ఉంచాలని ఇంకో పక్షం వాదిస్తున్నాయి.

## తేలని ప్రశ్నలు

కొలత. మైక్రో, మీసో రంధ్రాలను ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత దగ్గర, అంటే మైనస్ 196 డిగ్రీల వద్ద, నైట్రోజన్ పీల్చే తీరుతో కొలుస్తారు. పెద్దవాటిని పాదరసం దూర్చి కొలుస్తారు. నైట్రోజన్ కొలతను రంధ్రాల సైజుగా మార్చడానికి 1951 నుంచి వాడుకలో ఉన్న బీజేహెచ్ లెక్క 10 నానోమీటర్ల లోపు రంధ్రాలను అసలు కన్నా సన్నగా చూపిస్తుందని ఇవాళ అందరూ ఒప్పుకుంటున్నారు. అయినా ఎన్నో పత్రాల్లో ఆ అంకెలే కనిపిస్తాయి. పాదరసం లెక్క కూడా నమ్మదగింది కాదు: సన్నని ద్వారం వెనక పెద్ద గది ఉంటే అది ద్వారం సైజునే చూపిస్తుంది, మెత్తని ఏరోజెల్‌నైతే నలిపేస్తుంది. 2015లో ఐయూపీఏసీ కొలతల మార్గదర్శకాలను సవరించింది. కానీ రంధ్రాలు ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకున్నాయా లేదా అన్నదాన్ని ఒక్క అంకెలో చెప్పే పద్ధతి ఇంకా స్థిరపడలేదు.

క్రమం అవసరమా? అచ్చు బాటవారు అవసరమంటారు. జీవుల్లోని నాళాల శాఖలకు వర్తించే ముర్రే సూత్రాన్ని రంధ్రాలకూ వర్తింపజేయాలని 2017లో బావో-లియాన్ సూ బృందం ప్రతిపాదించింది. ఎదుటివారు రిఫైనరీని, హెచ్‌పీఎల్‌సీని చూపిస్తారు: అక్కడ గెలిచినవాటి మీసో రంధ్రాలు చక్కని వరసలో లేవు, నిలకడగా మాత్రం ఉన్నాయి. ఒకే రసాయనంతో, ఒకే ఖాళీ శాతంతో, క్రమం ఉన్నదాన్నీ లేనిదాన్నీ పక్కపక్కన పరీక్షించిన సందర్భాలు తక్కువ. అందుకే ఇరువైపులా వాదన సాగుతూనే ఉంది.

ఆరబెట్టడం. ఏరోజెల్‌ను అధిక ఒత్తిడి లేకుండా ఆరబెట్టడానికి గోడలకు నీటిని తోసే గుణం పట్టించాలి. కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో ఎ. వెంకటేశ్వరరావు బృందం ఈ దిశలో చాలా ఏళ్లు పనిచేసింది. మిథైల్ ట్రైమిథాక్సీసైలేన్‌తో వంగినా విరగని ఏరోజెల్‌ను 2006లో ప్రకటించింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ వేడిని ఆపే ఏరోజెల్ షీట్ల తయారీని అభివృద్ధి చేసింది. సామర్థ్యం మీద పేచీ లేదు. సైలేన్లు, ద్రావకాల ఖర్చు మీదే ఉంది.

పూర్తి ఖాతా. వ్యర్థం నుంచి చేశామంటే అది పర్యావరణానికి మేలే అన్న ఊహ ఎక్కువమందిలో ఉంది. రసాయన సమీకరణం ముందు పెట్టుకుని చూస్తే ఆ ఊహ నిలవదు. మెగ్నీషియం పద్ధతిలో కిలో సిలికాన్‌కు సిద్ధాంతరీత్యానే 1.7 కిలోల మెగ్నీషియం, కడగడానికి 5 కిలోలకు పైగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. సోడియం సిలికేట్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విరిస్తే కిలో సిలికాకు సుమారు 700 గ్రాముల సోడియం సల్ఫేట్ ఉప్పు నీళ్లలో కలుస్తుంది. ఊక ఉచితంగా వచ్చినా ఈ ఖర్చులు తగ్గవు.

## కర్నూలు, కడపల నుంచి చూస్తే

కర్నూలు–కడప కాలువ కింద పండే వరి, నంద్యాల చుట్టుపక్కల రైస్‌మిల్లులు, ‘కర్నూలు సోనా’ పేరుతో రాష్ట్రాలు దాటే బియ్యం — ఊకకు కొదవ లేదు. కడప జిల్లాలో 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద ఉంది. అందులోనూ సిలికా పుష్కలం. ఆ సిలికా మాత్రం అల్యూమినాతో కలిసిపోయి, గాజుగా, ముల్లైట్ స్ఫటికంగా బిగిసి ఉంటుంది. దాన్ని విడదీయాలంటే కాస్టిక్ సోడాతో వేడిచేయాలి. శుద్ధ సిలికాకు కన్నా, అల్యూమినియం కూడా అవసరమైన జియోలైట్లకు అది తగిన సరుకు. పైగా ఫ్లై యాష్‌ను కొనడానికి ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు సిద్ధంగానే ఉన్నాయి.

కాబట్టి పోటీ ఊకకే. మిల్లు బాయిలర్ల కింద కాలేటప్పుడు వేడి మీద అదుపు ఉండదు; వచ్చే బూడిద ఎక్కువగా నల్లగా, పాక్షికంగా స్ఫటికంగా ఉంటుంది. మొక్క ఇచ్చిన రంధ్రాలు అప్పటికే సగం పోయి ఉంటాయి. ఊకను ఇంధనంగా వాడుకుంటూనే మంచి బూడిద రాబట్టాలంటే కొలిమిని మార్చాలి. లేదా రంధ్రాల ఆశ వదులుకుని, కరిగించి మళ్లీ దించే బెంగళూరు మార్గం పట్టాలి. రెండో దారికి ఈ ప్రాంతంలో ఒక అనుకూలత ఉంది: కాస్టిక్ సోడాను తిరిగి రాబట్టడానికి కావలసిన సున్నం. సిమెంటు ఫ్యాక్టరీలను నడిపిస్తున్న నర్జి సున్నపురాయి పొరలు కర్నూలు, కడపల్లో విస్తారంగా ఉన్నాయి. ఆమ్లం దారిలో పుట్టే సోడియం సల్ఫేట్ బెడద ఇందులో ఉండదు. ఏడాదికి 600–700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేలలో, బోర్ల నీళ్లలో ఉప్పు ఇప్పటికే ఎక్కువున్న చోట, ఇది చిన్న విషయం కాదు.

వాడకం విషయంలో ఒక అపోహను తొలగించుకోవాలి. రాయలసీమ ఫ్లోరైడ్ నీళ్లకు గుల్ల సిలికా మందు అన్న మాట తరచూ వినిపిస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం. మామూలు నీళ్లలో సిలికా గోడ రుణావేశంతో ఉంటుంది. ఫ్లోరైడ్ కూడా రుణావేశమే. ఎన్ని రంధ్రాలున్నా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గోడలకు అల్యూమినియం, ఇనుము వంటి లోహాల ఆక్సైడ్లు పూస్తేనే పని జరుగుతుంది. అప్పుడు కూడా పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతితో, యాక్టివేటెడ్ అల్యూమినాతో ధరలో పోటీపడాలి. రబ్బరులో బలం కోసం, టూత్‌పేస్ట్‌లో, పెయింట్లలో వాడే అవక్షేప సిలికాకైతే మార్కెట్ ఇప్పటికే ఉంది. అక్కడ రంధ్రాల క్రమాన్ని అడిగేవారు లేరు, ధరను, తెల్లదనాన్ని అడుగుతారు.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ సైన్స్, నానోటెక్నాలజీ విభాగం ఉంది. సూర్యకాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీసే టైటానియా ఉత్ప్రేరకాలపై అక్కడ కృషి జరిగింది. రంధ్రాల కొలతకు కావలసిన విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మిల్లు దగ్గర తేల్చుకోవలసినవి మూడు: బాయిలర్ బూడిదలో కార్బన్ ఎంత శాతం, క్రిస్టోబలైట్ ఉందా, కిలో సిలికా కడగడానికి ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయి. మొదటి రెండూ సీజన్ పొడవునా నమూనాలు తీసి ప్రయోగశాలలో తేల్చగలిగినవే. మూడోది మాత్రం చిన్న ప్లాంటు నడిపి, వాడిన నీటిని తిరిగి వాడి చూస్తే గానీ తేలదు. ఊక సిలికా ఇక్కడ పరిశ్రమగా నిలుస్తుందా లేదా అన్నది ఆ మూడో అంకెను బట్టే ఉంటుంది.